ఆకలి పాపం కాదు, కోరిక లేకపోవడం పరిశుద్ధత కాదు



"ఆ నోరు కాస్త కట్టుకోలేవా?" షుగరు పరీక్ష కాగితం చేత పట్టుకొని భార్యను భర్త, తల్లిని కొడుకు అనే మాట ఇది. ఓ.పి. బయట బల్లల మీద కూర్చుంటే రోజూ వినబడుతుంది. ఇంకొన్ని మాటలు బయటికి వినబడవు, మనసులోనే తిరుగుతుంటాయి. "ఇలాంటి ఆలోచనలు వస్తున్నాయంటే నేనేం విశ్వాసిని?" అని ఒక యౌవనస్థుడు కుమిలిపోతాడు. "ఆయనకు నా మీద మనసు పోయింది" అని ఒక భార్య అనుకుంటుంది. "నా పని అయిపోయింది" అని ఆ భర్త అనుకుంటాడు. ఆకలి వేస్తే నేరం. కోరిక కలిగితే నేరం. కలగకపోతే అదీ నేరమే.

ఆకలిని, లైంగిక కోరికను మన ఇళ్ళలోను, సంఘాలలోను మనోబలానికి, భక్తికి కొలబద్దలుగా వాడుతున్నాము. అవి కొలబద్దలు కావని, శరీరం పంపే కబుర్లని నా అభిప్రాయం. కబురు తెచ్చినవాడిని తిడితే ప్రయోజనం లేదు. పైగా తిట్లకు భయపడి మనుషులు జబ్బును దాచుకుంటారు. దాచుకున్న జబ్బు లోపల ముదురుతుంది. అందుకే ఈ సంగతి ఈ పత్రికలో వ్రాయవలసి వచ్చింది.

ముప్పై ఆరుగురు యౌవనస్థులు

మనోబలంతో ఆకలిని జయించవచ్చునా అనే ప్రశ్నకు జవాబు వెదకాలంటే అమెరికాలో 1944 నవంబరు నుండి 1945 డిసెంబరు వరకు జరిగిన ఒక పరీక్షను చూడాలి. అప్పుడు రెండవ ప్రపంచ యుద్ధం ముగింపుకు వస్తున్నది. ఐరోపాలో లక్షలాది మంది తిండి లేక కృశించిపోయారు. వారికి తిరిగి ఏ విధంగా ఆహారమివ్వాలో తెలుసుకొనడానికి మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది యౌవనస్థులను ఎన్నుకున్నాడు. తోటి మనిషిని చంపడం తమ మనస్సాక్షికి విరుద్ధమని యుద్ధానికి వెళ్ళనివారు వీరు. ఇలాంటి వారికి యుద్ధానికి బదులు సేవ చేసే ఏర్పాటును మెనోనైట్, బ్రెదరెన్, క్వేకర్ సంఘాలు నడిపేవి. మన తెలంగాణలో మహబూబ్‌నగర్ ప్రాంతంలోని మెనోనైట్ బ్రెదరెన్ సంఘాలను ఎరిగినవారికి ఆ సంప్రదాయం కొంత తెలిసే ఉంటుంది. ఆకలితో ఉన్నవారికి మేలు జరుగుతుందని, ఎవరి బలవంతమూ లేకుండా, వీరు తమ శరీరాలను ఈ పరీక్షకు అప్పగించారు. ఇంతకన్నా మనోబలం గలవారిని ఎక్కడ వెదకుతాము?

మొదట వారికి రోజుకు సుమారు 3,200 కేలరీల భోజనం పెట్టారు. తరువాత ఆరు నెలలు దానిని సుమారు 1,570కి తగ్గించారు. రొట్టె, బంగాళదుంపలు, దుంపకూరలు, మాకరోనీ వంటివే ఆహారం. దానితో పాటు వారానికి 22 మైళ్ళు నడవాలి. సుమారు 70 కిలోలున్న మనిషి సగటున 53 కిలోలకు వచ్చాడు.

బరువు తగ్గుతుందని అందరికీ తెలుసు. వారి మనసులలో వచ్చిన మార్పే మనము గమనించవలసినది. వారికి పగలూ రాత్రీ తిండి ధ్యాసే. కథల పుస్తకాలు ప్రక్కన పెట్టి వంటల పుస్తకాలు చదివారు. ఉన్న కొద్ది భోజనాన్ని నీళ్ళు కలిపి, ముక్కలు చేసి, గంటల తరబడి తిన్నారు. పళ్ళేలు నాకారు. చిన్న మాటకే కోపం, దిగులు, ఎప్పుడూ చలి. గుండె కొట్టుకునే వేగం తగ్గింది. యుద్ధం తరువాత బాధితులకు సేవ చేయాలని ఎంతో ఆసక్తితో మొదలుపెట్టిన తరగతులకు కూడా వెళ్ళడం మానుకున్నారు. కొందరు రహస్యంగా తిన్నారు. వీరు పట్టుదల లేనివారు కారు. శరీరం మెదడును పట్టుకొని ఒకే పనికి కట్టివేసింది.

మరొకటి కూడా జరిగింది. వారిలో లైంగిక కోరిక దాదాపు అంతరించింది. ప్రేమించిన అమ్మాయిల మీద కూడా ధ్యాస పోయింది. తిండి తిరిగి పెట్టినప్పుడు తిన్నా తిన్నా ఆకలి తీరలేదు. కోరిక నెమ్మదిగా తిరిగి వచ్చింది. ఈ ఫలితాలను కీస్, ఆయన తోటివారు 1950లో రెండు సంపుటాల గ్రంథంగా ప్రచురించారు.

ఇప్పుడు ఆలోచించండి. కోరిక పోయిన ఆ ఆరు నెలలలో వారు అంతకు ముందుకన్నా పరిశుద్ధులైపోయారా? తిండి దొరికి కోరిక తిరిగి రాగానే పాపులైపోయారా? అలాగైతే పరిశుద్ధత బంగాళదుంపల లెక్కను బట్టి మారుతుందనుకోవాలి. ఇంట్లో ధాన్యం తక్కువైతే యజమాని ముందు అందరికీ గంజి సంగతి చూస్తాడు, పెళ్ళి ముహూర్తం సంగతి తరువాత. శరీరం చేసింది అంతే.

మెదడులోని కాపలాదారు

ఈ లెక్కలు చూసేది మెదడు అడుగున ఉన్న హైపోథలామస్ అనే బాదం గింజంత భాగం. దీనికి ఒంటిలో అన్ని వైపుల నుండి కబుర్లు వస్తాయి. కొవ్వు కణాల నుండి లెప్టిన్ అనే హార్మోను వచ్చి "నిల్వ ఉంది" అని చెబుతుంది. దీనిని 1994లో అమెరికాలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం కనుగొన్నది. కడుపు ఖాళీ అయినప్పుడు జీర్ణాశయం నుండి ఘ్రెలిన్ అనే హార్మోను వచ్చి "ఆకలి" అని చెబుతుంది. దీనిని 1999లో జపాను శాస్త్రవేత్తలు ప్రకటించారు. యుక్తవయస్సును, నెలసరిని, వీర్యోత్పత్తిని నడిపించే హార్మోన్లకు ఆజ్ఞ ఇచ్చేదీ ఈ హైపోథలామసే. ఆకలీ, సంతానశక్తీ ఒకే గుమాస్తా బల్ల మీద ఉన్న రెండు దస్త్రాల వంటివి.

చాలా అరుదుగా కొందరు పిల్లలు పుట్టుకతోనే లెప్టిన్ తయారు కాని లోపంతో పుడతారు. ఇంగ్లాండులోని కేంబ్రిడ్జి వైద్యులు 1997లో ఇలాంటి పిల్లలను గుర్తించారు. వారికి ఎంత తిన్నా ఆకలి ఆగదు. ఒళ్ళు విపరీతంగా పెరుగుతుంది. వైద్యం లేకపోతే యుక్తవయస్సు కూడా సరిగా రాదు. ఆ హార్మోనును ఇంజక్షనుగా ఇచ్చినప్పుడు ఆకలి తగ్గి, పళ్ళెంలో వదిలిపెట్టే స్థితికి వచ్చారు. మన దేశంలో 2025లో అమ్మకానికి వచ్చిన టిర్జెపటైడ్ వంటి మందులు కూడా పేగుల నుండి వచ్చే హార్మోన్లను పోలినవే. వాటిని అందరూ వాడకూడదు, డాక్టరు సలహా లేకుండా అసలే వాడకూడదు. కాని అవి వాడేవారిలో చాలామంది "తిండి మీద ధ్యాస తగ్గింది" అని చెబుతారు. మనోబలాన్ని సూదితో ఎక్కించలేము కదా! అంటే మనము ఇన్నాళ్ళు తిట్టినది గుణాన్ని కాదు, శరీరపు లెక్కను.

షుగరు రోగి ఆకలి

షుగరు అదుపులో లేని రోగి రక్తంలో చక్కెర నిండుగా ఉంటుంది, కాని ఇన్సులిన్ చాలక అది కణాలలోకి పోదు. కాలువ నిండా నీళ్ళున్నా తూము మూసి ఉంటే పొలం ఎండిపోతుంది. ఎండిన పొలం నీళ్ళు అడగడం తప్పా? అందుకే అలాంటి రోగికి ఆకలి మామూలుకన్నా ఎక్కువ. "అమ్మ దొంగచాటుగా బెల్లం తింటున్నది" అని ఫిర్యాదు చేసే కుమారులు ముందు అమ్మ మందు చాలుతున్నదో లేదో అడగాలి. రాత్రి నిద్ర సరిగా లేకపోయినా మరునాడు ఆకలి పెరుగుతుంది.

దీనర్థం ఇష్టం వచ్చినట్లు తినమని కాదు. ఆకలిని తిట్టడం మాని, దానికి సరియైన జవాబు ఇవ్వమని. పళ్ళెంలో అన్నం తగ్గించి పప్పు, ఆకుకూర, గుడ్డు, మజ్జిగ పెంచితే కడుపు నిండుతుంది, షుగరు అంతగా పెరగదు. ఒక్కరికి మాత్రం జొన్నరొట్టె పెట్టి, ఎదురుగా మిగతావారు బిర్యానీ తింటూ "నిగ్రహం ఉండాలమ్మా" అనడం న్యాయం కాదు. వేళకు వండిపెట్టి, ఇంటిల్లిపాదీ అదే భోజనం చేస్తే రోగికి వేరే నిగ్రహంతో అంతగా పని ఉండదు.

ఉపవాసం సంగతి

మన సంఘాలలో శుక్రవారపు ఉపవాస కూటములు ఉన్నాయి. శ్రమల దినాలలో నలభై రోజులు ఉపవాసం చేసేవారున్నారు. ఆ భక్తిని నేను గౌరవిస్తాను. కాని గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమిపిరైడ్ వంటి షుగరు మాత్రలు గాని, ఇన్సులిన్ గాని తీసుకొని కడుపు మాడ్చుకుంటే చక్కెర ప్రాణాపాయమైనంత పడిపోవచ్చు. కొందరు దీనికి భయపడి ఎవరికీ చెప్పకుండా మందే మానేస్తారు. అది మరో ప్రమాదం. ఉపవాసం చేయదలచిన షుగరు రోగి, గర్భిణి, బాలింత, మూత్రపిండాల జబ్బు గలవారు ముందుగా డాక్టరును అడగాలి. తినకూడదనే ఉపవాసం తప్ప వేరేది లేదనుకోవద్దు. ఆ రోజు సెల్‌ఫోను, టీవీ విడిచిపెట్టి, ఆ పూట భోజనం ఖర్చును లేనివారికి ఇవ్వడం కూడా త్యాగమే.

కూటములో ఎవరికైనా చెమటలు పట్టి, వణికి, మాట తడబడితే ఏదో ఆవేశమని కూర్చోవద్దు. తెలివి ఉంటే వెంటనే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి త్రాగించండి. తెలివి లేకపోతే నోటిలో ఏమీ పోయక ఆసుపత్రికి తీసుకొని రండి. ప్రార్థన దారిలో కూడా చేయవచ్చు.

గదిలో దాచిన జబ్బు

ఇక మనము నోరు విప్పని సంగతి. చాలా ఏళ్ళుగా షుగరు ఉన్న పురుషులలో రక్తనాళాలు, నరాలు దెబ్బతిని అంగస్తంభన తగ్గడం సాధారణంగా కనబడుతుంది. ఆ సన్నని రక్తనాళాలు దెబ్బతింటే గుండె రక్తనాళాల సంగతి కూడా చూసుకోవాలి. కొందరిలో గుండెజబ్బు బయటపడడానికి కొన్నేళ్ళ ముందే ఈ లక్షణం కనబడుతుంది. అంటే అది గుండె పంపిన ముందస్తు ఉత్తరం. కాని ఆయన సిగ్గుపడి ఆ ఉత్తరం చించివేస్తాడు. భార్య అనుమానపడుతుంది. చివరికి గోడల మీద "నరాల బలహీనత" ప్రకటన చూసి ఏ లాడ్జి గదిలోనో కూర్చున్న వైద్యుని దగ్గరకు పోతాడు. లైంగిక శక్తి పెంచుతామని మందులకు ప్రకటన ఇవ్వడాన్ని మన దేశంలో 1954 నాటి చట్టం నిషేధించింది. గోడలకు మాత్రం అది తెలియదు. అలాంటి కొన్ని పొడులలో అంగస్తంభనకు వాడే ఇంగ్లీషు మందునే రహస్యంగా కలిపి అమ్మిన సందర్భాలు పరీక్షలలో బయటపడ్డాయి. గుండెనొప్పికి నాలుక క్రింద పెట్టుకునే మాత్ర వాడేవారు ఆ మందు తీసుకుంటే బి.పి. ఒక్కసారిగా పడిపోయి ప్రాణం పోవచ్చు.

బి.పి.కి, దిగులుకు ఇచ్చే కొన్ని మందులు కూడా కోరికను తగ్గిస్తాయి. అది తెలిసి చాలామంది చెప్పకుండా మాత్రలు మానేస్తారు. మానవద్దు, చెప్పండి. వేరే మందు ఉండవచ్చు.

భార్యల సంగతి కూడా ఇలాగే ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. తెల్లవారుజామున లేచి, పొలంలోనో ఆఫీసులోనో పనిచేసి, రాత్రి గిన్నెలు కడిగి పడుకునే రక్తం లేని మనిషికి కోరిక ఎక్కడి నుండి వస్తుంది? బిడ్డకు పాలిచ్చే నెలలలో, థైరాయిడ్ తగ్గినప్పుడు, మానసిక దిగులులో, నెలసరి ఆగిపోయే వయస్సులో కోరిక తగ్గవచ్చు, కలయిక బాధ పెట్టవచ్చు. దానిని "భర్తకు లోబడడం లేదు" అని పెద్దల ముందు పెట్టడం కన్నా రక్తపరీక్ష చేయించడం మేలు. అన్నిటికన్నా ముందు ఆమె వద్దన్నప్పుడు ఆ మాటను గౌరవించడం మేలు.

చదువుల ఒత్తిడిలోనో, సన్నబడాలనో తిండి తగ్గించిన అమ్మాయికి నెలసరి ఆగిపోవచ్చు. ఆ 36 మంది యువకులలో జరిగిన లెక్కే ఇక్కడా జరుగుతుంది. తల్లి అనుమానపు చూపుకు ముందు ఆమెకు డాక్టరు పరీక్ష, తరువాత కడుపునిండా భోజనం కావాలి. అలా నెలల తరబడి వదిలేస్తే ఎముకలు కూడా బలహీనపడతాయి.

యౌవనస్థులకు

నిద్రలో వీర్యం పోవడం యుక్తవయస్సులో సహజం. ఒక చుక్క వీర్యం ఎన్నో చుక్కల రక్తానికి సమానమన్న మాటలో నిజం లేదు. కాని ఆ భయం మాత్రం నిజంగా నీరసాన్ని, నిద్రలేమిని, దిగులును తెస్తుంది. మన దేశపు మనోవైద్యులు ఎన్.ఎన్. విగ్ 1960లోనే ఈ భయంతో వచ్చే జబ్బుకు ధాతు సిండ్రోమ్ అని పేరు పెట్టారు. దీనికి పొడులు అక్కరలేదు. నిజం చెప్పే మనిషి కావాలి, దిగులు ముదిరితే మానసిక వైద్యుడు కావాలి. యౌవనస్థుల కూటములలో శోధనను గురించి ఎన్నో ప్రసంగాలు చేస్తాము. దానికి ముందు శరీరాన్ని గురించి ఒక్క పాఠం చెబితే వారు సగం భయం నుండి బయటపడతారు.

అయితే నిగ్రహం అక్కరలేదా?

"అంతా హార్మోన్లే అయితే ఇక తప్పొప్పులెక్కడ?" అని పెద్దలు అడుగుతారు. మంచి ప్రశ్న. ఆకలి వేయడం వేరు, దొంగిలించడం వేరు. కోరిక కలగడం వేరు, మరొకరిని బలవంతపెట్టడం, మోసగించడం వేరు. శరీరం కబురు పంపుతుంది. ఏమి చేయాలో నిర్ణయించే బాధ్యత మనదే. ఏ హార్మోనూ ఏ స్త్రీనీ, ఏ బిడ్డనూ బాధపెట్టడానికి సాకు కాదు. నేను కొట్టివేస్తున్నది నిగ్రహాన్ని కాదు, సిగ్గును. సిగ్గుపడినవాడు నిగ్రహం నేర్చుకోడు, దాచడం నేర్చుకుంటాడు.

బైబిలులో ఏలీయా సంగతి మనకందరికీ తెలుసు. అలసి, భయపడి, చావును కోరుకొని చెట్టు క్రింద పడుకున్నాడు. దేవదూత ముందు ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. ఆయన మళ్ళీ నిద్రపోయిన తరువాత లేపి, మళ్ళీ తినిపించాడు. తరువాతే ప్రయాణం. ఏశావు అయితే అలసి, ఆకలితో ఉన్న వేళ చిక్కుడుకాయల వంటకానికి జ్యేష్ఠత్వాన్నే అమ్ముకున్నాడు. కడుపు కాలుతున్నవాడితో పెద్ద నిర్ణయాలు చేయించకూడదని, ముందు అన్నం పెట్టాలని నేను ఆ రెండు కథల నుండి నేర్చుకుంటాను. భార్యాభర్తల ప్రేమను గురించి సిగ్గుపడకుండా పాడే పరమగీతము కూడా ఆ గ్రంథంలోనే ఉంది. దానిని తీసివేయవలసినంత అపవిత్రమని మన పూర్వికులు అనుకోలేదు.

సంఘానికి నా మనవి

మొదటిది, ప్రేమవిందులలో, పెళ్ళిళ్ళలో షుగరు రోగులు తినగల వంటకాలు కూడా వడ్డించండి. కేకు ముక్క చేతిలో పెట్టి, తరువాత మందలించవద్దు. రెండవది, ఉపవాస కూటము ప్రకటించేటప్పుడు "మందులు వాడేవారు డాక్టరును అడిగి చేయండి" అని పాస్టరు గారు వేదిక మీద నుండి ఒక్క మాట చెప్పండి. మూడవది, పెళ్ళి ప్రకటనలు చదివే ఆ మూడు వారాలలో వధూవరులిద్దరినీ ఒక గంట డాక్టరుతో గాని, నర్సుతో గాని మాట్లాడనివ్వండి. నాలుగవది, స్త్రీల సమాజంలో రక్తహీనతను గురించి, పురుషుల కూటములో షుగరుతో వచ్చే అంగస్తంభన లోపాన్ని గురించి పేరు పెట్టి మాట్లాడండి. పేరు పెట్టని జబ్బుకు మందు వ్రాయలేము.

రోగులకు ఒక మాట. డాక్టరు గదిలో ఈ సంగతి ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే, "డాక్టరు గారూ, ఇంకో ఇబ్బంది ఉంది, తలుపు వేయమంటారా?" అనండి చాలు. మిగతాది మేమే అడుగుతాము. స్త్రీలు లేడీ డాక్టరును గాని, సిస్టరును గాని అడగవచ్చు.

మన శరీరాలను చేసినవాడు వాటిలో ఆకలిని, కోరికను కూడా ఉంచాడు. అవి పంపే కబురును భయం లేకుండా వినే మనసును ఆయన మన ఇళ్ళకు, మన సంఘాలకు అనుగ్రహించును గాక.